విజయపురి శిథిలములు

మన పాఠశాలయందు పై తరగతుల బాలురకు రోమక సామ్రాజ్యచరిత్రమును బోధించు పని పెక్కు సంవత్సరములనుండి మా వంతుననే యున్నది. ఆ పాఠములన్నిటిలోను బాలురు చెవియొగ్గి వినునది పొంపేయి నగరమును గూర్చినదే. కైసరుల వరుసను అప్పగింపుమన్నచో తల వంచుకొను పిల్లవాడు సయితము, పొయ్యిలో పెట్టిన రొట్టెలు పొయ్యిలోనే యుండగా బూడిదక్రింద పడిపోయిన పట్టణమనినతోడనే కనులు పెద్దవి చేసికొని చూచును. ఒకానొక దినమున ఆ పాఠము ముగియుచుండగా రెండవ బల్లమీది విద్యార్థి యొకడు లేచి, "అటువంటి పాత పట్టణము మన తెలుగుదేశములో ఒక్కటియు లేదా సార్?" అని యడిగెను. గంట కొట్టువేళ సమీపించుచుండుటచే మేము తొందరపడి, "అటువంటిది లేదు" అని చెప్పి పుస్తకమును మూసితిమి.

చెప్పిన తరువాత ఆ మాట మమ్ము బాధించెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన మొదటి విషయములలో ఒకటి, తెలియని దానిని లేదని చెప్పరాదనుట. ఆ నియమమును మేమే మీరితిమి. అందుచేత సెలవులలో పుస్తకములు తిరుగవేసి, కొన్ని స్థలములను కన్నులార చూచివచ్చి, ఆ విద్యార్థికి ఇయ్యవలసిన యుత్తరమును ఇచ్చట వ్రాయుచున్నాము. ఆతడిప్పుడు మన పాఠశాలను విడిచి పోయినను, ఈ సంచిక ఆతని చేతికి అందునని మా నమ్మకము.

మొదట పొంపేయి సంగతి కొంత జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. ఇటలీదేశపు దక్షిణభాగమున, నేపుల్సు అఖాతము చెంత, వెసూవియస్ అను అగ్నిపర్వతము పాదమున ఆ నగరముండెను. క్రీ. శ. 79వ సంవత్సరమున ఆ పర్వతము పగిలి, దూదివలె తేలికయైన రాళ్లను, బూడిదను, పిమ్మట మండు ఆవిరిని క్రక్కెను. రెండు దినములు నిండకమునుపే నగరము 15, 20 అడుగుల మందమున కప్పబడిపోయెను. ఆ ఘోరమును అఖాతమున కావలినుండి చూచిన పదునేడేండ్ల యువకుడు ప్లినీ యనువాడు తరువాత దానిని రెండు జాబులలో వర్ణించెను. వాని మేనమామయు ప్లినీయే. ఓడల దండునకు అధిపతి. జనులను తప్పింపబోయి ఆ తీరముననే మరణించెను. ఈ పెద్ద ప్లినీ పేరును పాఠకులు మరువవలదు. మనకు ఆయనతో మరల పని యున్నది.

1748లో అచ్చట త్రవ్వకములు ఆరంభమైనవి. మొదటివారు విగ్రహములకొరకును చిత్రములకొరకును త్రవ్విరి గాని నగరముకొరకు త్రవ్వలేదు. 1860 తరువాత ఫియొరెల్లి యను పండితుడు పనికి పెద్దయై వీధివీధిగా, ఇల్లిల్లుగా, పైనుండి క్రిందికి త్రవ్వు పద్ధతిని నెలకొల్పెను. గట్టిపడిన బూడిదలో మృతదేహముల స్థానమున మిగిలిన బోలులయందు సున్నపుపిండిని పోయించి వారి యాకారములను రప్పించినవాడును ఆయనయే. ఇప్పటికిని ఆ నగరమున మూడింట నొకవంతు త్రవ్వబడక యున్నది. ఇది సోమరితనముచేత కాదు. రాబోవువారికి మనకంటె మంచి యుపకరణములును మంచి యోపికయు నుండవచ్చునని తలచి, తెలిసియే విడిచిపెట్టిరి.

ఆ నగరమున 1938లో ఒక యింట దంతపు బొమ్మ యొకటి దొరకెను. జానెడుకంటె కొంచెము పొడవు. మెడనిండ హారములు, కాళ్లనిండ కడియములు, ఇరుప్రక్కల ఇద్దరు చిన్న పరిచారికలుగల స్త్రీమూర్తి. రోమకుల దేవతలలో ఈ వేషముగల దేవత లేదు. చూచినతోడనే ఇది భారతదేశపు పని యని పండితులు గ్రహించిరి. ఇట్టి పోలికగల దంతపు బొమ్మలు తరువాత తేర్ అనుచోటను, భోకర్దన్ అనుచోటను దొరకినవి. ఈ రెండును ఇప్పుడు మహారాష్ట్రమున నున్నను 1948 వరకు, పిమ్మట కొన్ని సంవత్సరములు కూడ, మన నిజామాబాదువలెనే హైదరాబాదు సంస్థానములోని యూళ్లే. కనుక పొంపేయి పాఠము చెప్పునప్పుడు మనము పరదేశపు కథ చెప్పుచున్నామని తలచుట సగమే సత్యము. మన దక్కను సీమ శిల్పివంటివాడు చెక్కిన బొమ్మ యొకటి ఆ బూడిదక్రింద పదునెనిమిది వందల యేండ్లకు మించి నిదురించినది.

ఆ బొమ్మ అంతదూర మెట్లు పోయినదనినచో దానికి జవాబు వ్యాపారము. మన భీమ్‌గల్ బాలురకు దీనిని విప్పిచెప్ప నక్కరలేదు. పసుపు కొమ్ము మన చేలలో ఉడికి, యెండి, నిజామాబాదు అంగడికి పోయి, అచ్చటినుండి మనమెరుగని దేశములకు పోవుచుండుటను వారు చిన్ననాటినుండి చూచుచున్నారు. ఆ కాలమునను అట్లే. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకు భాషలో పేరు తెలియని నావికవర్తకు డొకడు వ్రాసిన ఓడదారుల గ్రంథమున పైఠణమును తగరమును పేర్కొనబడినవి. తగరమే నేటి తేర్. ఆ పట్టణములనుండి బండ్లమీద, సరియైన బాటలు లేని చోట్ల దాటి, విలువగల రాళ్లును బట్టలును భరుకచ్ఛపు రేవునకు చేరుచుండెనని యతడు వ్రాసెను. తూర్పుతీరమున మసాలియా యను సీమ సన్ననిబట్టలకు ప్రసిద్ధమని కూడ వ్రాసెను. అది మన మచిలీబందరు ప్రాంతమని పండితుల యభిప్రాయము.

మనవారు పంపిన సరకునకు రోమకు లిచ్చినది ముఖ్యముగా బంగారము, వెండి. పెద్ద ప్లినీ తన గ్రంథమున, ఏటేట హిందూదేశము తమ సామ్రాజ్యమునుండి అయిదుకోట్ల సెస్టర్సులకు తక్కువ కాకుండ లాగికొనుచున్నదని మొరపెట్టుకొనెను. ఆ లెక్క ఎంత నిక్కమో కాని మొర మాత్రము వట్టిది కాదు. నల్గొండ జిల్లాలోని అక్కన్‌పల్లెలో రోమకుల వెండి నాణెములు 1,500కు పైగా ఒక్కచోట దొరకినవి. గుంటూరుసీమలోని వినుకొండలో బంగారు నాణెములు దొరకినవి. సంగారెడ్డి చెంతనున్న కొండాపురమున 1940 తరువాత హైదరాబాదు పురావస్తుశాఖవారు గులాం యజ్దానీగారి యాజమాన్యమున త్రవ్వినప్పుడు శాతవాహనుల నాణెములు వేలకొలది, రంగురాళ్ల పూసలు లెక్కకు మిక్కిలి, వానితోపాటు రోమక నాణెపు జాడలును కనబడినవి. బైబిలు పాఠమున పన్ను విషయమై ప్రభువు చేతికి తెచ్చియిచ్చిన దేనారమును గూర్చి మన పిల్లలు చదువుచున్నారు గదా. అది తిబెరి కైసరు ముద్రగల వెండి నాణెమై యుండునని పలువు రెంచుచున్నారు. ఆ కైసరు ముఖముగల నాణెములే యూదయ దేశపు సంతలోను మన తెలుగుదేశపు మట్టికుండలోను ఉండెనని తలచినపుడు ప్రపంచపటము మన కన్నులయెదుట కొంత చిన్నదగును.

అయితే నాణెములు దొరకినంతమాత్రమున నగరము దొరకినట్లు కాదు. విద్యార్థి యడిగినది నగరమును గూర్చి. కావున కృష్ణాతీరమునకు పోవుదము.

పలనాటిసీమయందు మాచెర్లకు పడమరగా, నల్లమల కొండలు మూడువైపుల గోడవలె నిలిచి, నాలుగవవైపు కృష్ణానది పారుచుండిన లోయ యొకటి కలదు. కలదనుటకంటె ఉండెననుట యుక్తము. ఆ లోయ నడుమనున్న కొండకు నాగార్జునకొండ యని పేరు. లోయలో పుల్లారెడ్డిగూడెమను పల్లెయు, పంటచేలును, అడవియు నుండెను. చేలలో నక్కడక్కడ రాతికంబములు నిలువుగా నుండుటను రైతులెల్లరు నెరుగుదురు. కాని యవి యేమియో ఎవరికిని తెలియదు. 1926లో సూరపరాజు వేంకటరామయ్యగా రను ఉపాధ్యాయుడు ఆ కంబములలో నొకదానిని చూచి, ఇది సామాన్యమైనది కాదని గ్రహించి, మదరాసు ప్రభుత్వమువారికి తెలియజేసెను. ఆ సంవత్సరము మార్చి నెలలో శాసనశాఖకు చెందిన రంగస్వామి సరస్వతిగారు వచ్చి చూచిరి. ఈ పుటలను చదువువారిలో ఉపాధ్యాయులు కావలెనని యున్నవా రున్నయెడల ఈ పేరును తప్పక వ్రాసికొనవలెను. గొప్ప పండితులు తరువాత వచ్చిరి. మొదట ఆగి చూచినవాడు బడిపంతులు. మా వృత్తివారిని గూర్చి ఇట్లు వ్రాయునప్పుడు మాకు కొంత గర్వము కలుగుట నిజము. పాఠకులు క్షమింతురు గాక.

తరువాత 1927నుండి 1931వరకు లాంగ్‌హర్స్టు దొరగారు త్రవ్వించిరి. 1938లో రామచంద్రన్‌గారు త్రవ్వించిరి. వారి పనివలన తేలినదేమనగా, ఆ లోయ శాతవాహనుల తరువాత తెలుగుసీమ నేలిన ఇక్ష్వాకు రాజుల రాజధానియగు విజయపురి. శ్రీపర్వతమును విజయపురియు శాసనములలో పేర్కొనబడినవి. ఈ వంశమున శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు అను నలుగురు రాజులు తెలియవచ్చుచున్నారు. వీరి కాలము క్రీస్తుశకము మూడవ శతాబ్దమును నాలుగవ శతాబ్దపు తొలిభాగమును. అనగా ఒక్క నూరేండ్ల వైభవము. అంతకు మించి లేదు.

ఆ నూరేండ్లలో కట్టినది చూచిన ఆశ్చర్యము కలుగును. నది యొడ్డున కోట, దానిచుట్టు ప్రాకారము, అగడ్త. తూర్పున పడమర ద్వారములు. కోటలో రాజు అశ్వమేధము చేసినప్పటిదని యెంచబడు మెట్ల కోనేరు. వెలుపల వీధులు, ఇండ్లు, అంగళ్లు. ఒక యింట మూసలు, అచ్చులు, గీటురాయి, చిన్న తూనికరాళ్లు దొరకుటచే అది కంసాలివాని యిల్లని నిర్ణయించిరి. లోయ పొడవునను బౌద్ధుల విహారములు ముప్పదికి పైగా. నదియొడ్డున శివునకు, కార్తికేయునకు, ఎనిమిది భుజముల విష్ణువునకు ఆలయములు. రాజులు వైదికయజ్ఞములు చేసిరి. వారి అంతఃపుర స్త్రీలు బుద్ధవిహారములు కట్టించిరి. ఒక్క యింటిలోనే ఈ రెండును జరిగెను. మహాచైత్యమును పూర్తిచేయించినది శాంతమూలుని సోదరియగు శాంతిశ్రీ. ఆ చైత్యము 106 అడుగుల వ్యాసము కలిగి, లోపల బండిచక్రపు ఆకులవలె ఇటుకగోడలు కట్టబడి, సందులలో మట్టి నింపబడినది. అందు వెండి భరిణెలో బంగారు భరిణె, దానిలో చిన్న యెముక తునకయు లాంగ్‌హర్స్టుగారికి లభించినవి. వీరపురుషదత్తుని రాణులలో నొకతె ఉజ్జయినినుండి వచ్చిన రాజపుత్రి, పేరు రుద్రధర భట్టారిక. పురుషుల యుద్ధముల కంటె స్త్రీల దానములే ఈ నగరపు రాళ్లమీద ఎక్కువగా వ్రాయబడి యున్నవి. మన చరిత్రపుస్తకములు వ్రాయువారు దీనిని గమనించినట్లు తోచదు.

ఆ రాళ్లమీది భాష మొదట ప్రాకృతము. ఎహువల శాంతమూలుని కాలమునుండి సంస్కృతమును కనబడును. అక్షరములు బ్రాహ్మీలిపి, కాళ్లు క్రిందికి సాగదీసిన అందమైన వ్రాత. బోధిశ్రీ యను నొక ఉపాసిక సింహళ భిక్షువులకొరకు కట్టించిన చైత్యగృహపు శాసనమున, ఆ భిక్షువులు ధర్మమును బోధించిన దేశముల పట్టిక యొకటి కలదు. కాశ్మీరము, గాంధారము, చీనా, తోసలి, అపరాంతము, వంగము, వనవాసి, యవనము, ద్రమిళము, తామ్రపర్ణిద్వీపము. యవనమనగా గ్రీకుల, రోమకుల లోకము. ఈ లోయలో నిలిచి యొక స్త్రీ ఈ పేర్ల నన్నిటిని రాతిమీద చెక్కించినది.

యవనుల జాడ మాటలోనే గాక వస్తువులలోను దొరకినది. తిబెరి కైసరు బంగారు నాణెమును, క్రీ. శ. 140 ప్రాంతమున మరణించిన ఫౌస్తీనా మహారాణి పేరి బంగారు నాణెమును ఈ లోయలో లభించినవి. రాజభవనపు చోట దొరకిన స్తంభములమీద, శిరస్త్రాణమును నిలువు చొక్కాయు ధరించిన పరదేశపు కావలిభటు డొకడు. కొమ్ముపాత్రను చేతబట్టి, ప్రక్కన ద్రాక్షసారాయపు పీపాయుంచుకొనిన సగము దిగంబరమూర్తి మరియొకడు. ఈ రెండవవానిని గ్రీకుల ద్రాక్షారసదేవత యగు దియొనీసునిగా పలువురు గుర్తించిరి. ఇక్కడ బాలురొక విషయమును జాగ్రత్తగా గ్రహింపవలెను. తిబెరి కైసరు నాణెము దొరకెను గాన విజయపురి ఆ కైసరు కాలపు నగరమనరాదు. ఆయన చనిపోయిన పిమ్మట దాదాపు రెండువందల యేండ్లకు గాని ఇక్ష్వాకులు రాజ్యమునకు రాలేదు. బంగారము చెడదు, తాతనుండి మనుమనికి చేతులు మారును, ఆభరణమై మెడలో వ్రేలాడును. నాణెము "ఇంతకు ముందు కాదు" అని మాత్రమే సాక్ష్యము చెప్పును. "ఇప్పుడే" యని చెప్పదు. పరీక్షలలో ఈ తప్పును చేయువారు తరగతికి పదిమంది యుందురు.

ఇక అందరిని ఆకర్షించునది రంగస్థలము. హారీతిదేవి గుడి యున్న కొండ పాదమున, సుమారు 54 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పుగల నలుచదరపు బయలు. దాని నాలుగువైపుల మెట్లమెట్లుగా ఇటుకతో కట్టి నాపరాళ్లు పరచిన ఆసనములు. వేయిమంది వరకు కూర్చుండవచ్చును. భారతదేశమున ఇట్టిది మిక్కిలి అరుదు. కావున దీనిని చూచినవారు చాలమంది ఇది రోమకుల క్రీడాస్థలములను చూచి కట్టినదే యనిరి. మేమును మొదట అట్లే తలచి సంతోషించితిమి. కాని పొంపేయిలోని క్రీడాస్థలమును దీనిప్రక్కన పెట్టి చూడుడు. అది గ్రుడ్డువలె కోలగానుండి, 130 మీటర్లకు తక్కువకాని పొడవుతో, ఇరువదివేలమందిని పట్టును. మనుష్యులు మనుష్యులను చంపుటను చూచుటకు జనులు అచ్చట కూడిరి. విజయపురిది చిన్నది, చదరపుది. నీరు లేని కోనేటివలె నున్నది. మెట్లు కట్టుట మన కోనేళ్ల పనివారికి నేర్పనక్కరలేదు. పరదేశపు మాట విని ఆలోచన పుట్టియుండవచ్చును. చేయి మాత్రము ఈ దేశపుదే యని మా తలంపు. అచ్చట నాటకములాడిరో, సంగీతము పాడిరో, మల్లయుద్ధములు జరిపిరో నిశ్చయముగ చెప్పు శాసనము లేదు.

ఇంతటి నగరము ఎట్లు పోయినది? వెసూవియస్ వంటి పర్వతము ఇచ్చట లేదు. అష్టభుజస్వామి యాలయపు శాసనము ఆభీరరాజగు వసుషేణుని పేర నుండుటచే ఆ వంశమువారు కొంతకాలము ఈ లోయలో అధికారము కలిగియుండిరని తెలియుచున్నది. నాలుగవ శతాబ్దపు తొలిభాగమున ఇక్ష్వాకుల రాజ్యము ముగిసి, కృష్ణాతీరము పల్లవుల చేతిలోనికి పోయెను. రాజు లేని రాజధానికి వర్తకుడు రాడు. వర్తకుడు రానిచోట విహారమునకు దానము రాదు. పొంపేయిలో జనులు పారిపోవ వ్యవధి లేక సామానుతో కూడ నిలిచిపోయిరి. విజయపురి జనులు మెల్లమెల్లగా, మోయగలిగినది మోసికొని, తలుపులు వేసికొని పోయిరి. కాబట్టియే అక్కడ రొట్టె దొరకెను, ఇక్కడ గీటురాయి దొరకెను. తరువాత రెడ్డిరాజుల, గజపతుల కాలమున కొండమీద కోట మాత్రము కొంత వెలిగెను.

ఆ నగరమునకు రెండవ మరణము మన కాలమున వచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కృష్ణానదికి ఆనకట్ట కట్టవలెనని నిశ్చయింపబడెను. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు పునాదిరాయి వేసిరి. కట్ట లేచినచో లోయ యంతయు మునుగును. అందుచేత 1954నుండి 1960వరకు రాయప్రోలు సుబ్రహ్మణ్యముగారి యాజమాన్యమున పురావస్తుశాఖవారు లోయ నంతను త్రవ్విరి. నూరింటికి మించిన స్థలములు. ఎండ, వాన, మలేరియా. వెనుకనుండి లేచివచ్చుచున్న కట్ట. పొంపేయిలో రెండువందల డెబ్బదియేండ్లకు పైగా త్రవ్వి యింకను మూడవవంతు మిగిల్చిరని చెప్పితిమి గదా. విజయపురికి దొరకినవి ఆరేండ్లు. ఆ యారేండ్లలో చూడనిది ఇక చూడబడదు. రాతియుగపు పనిముట్లనుండి పదునారవ శతాబ్దపు వస్తువులవరకు అన్నిటిని వారు వ్రాసికొనిరి. తొమ్మిది కట్టడములను రాయిరాయిగా విప్పి కొండమీద మరల నిలిపిరి. రంగస్థలమును, మరికొన్నిటిని ఒడ్డుననున్న అనుపు అను చోట మరల కట్టిరి. 1966లో కొండమీద ప్రదర్శనశాల తెరువబడెను. 1967లో కట్ట పూర్తియయ్యెను. నేడు ఆ కొండ ద్వీపము.

మేము కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని దానిని చూడబోతిమి. భీమ్‌గల్‌నుండి నిజామాబాదు, హైదరాబాదుల మీదుగా సాగరమునకు చేరుసరికి పిల్లలు సగము నిద్రలోనుండిరి. విజయపురి దక్షిణపు రేవునుండి లాంచీ యెక్కి సుమారు గంట పోవలెను. లాంచీ నడుపువా డొకచోట చేయి చూపి, "కింద ఊరుంది" అనెను. అందరు ఒక్కమారుగా ఆ వైపునకు జరిగినందున వానిచేత చీవాట్లు తింటిమి. నీరు తప్ప మరేమియు కానరాలేదు. ప్రదర్శనశాలలో చూడవలసినది చాల కలదు; కాని బాలుర మనసు ఆ నీటిమీదనే యుండెను. మరునాడు అనుపులో రంగస్థలముయొక్క క్రింది బయలులో ఒక బాలుని నిలిపి మెల్లగా ఎక్కములు చెప్పించితిమి. పై మెట్టుమీదివారికి వినబడెను. అందరు చప్పట్లు కొట్టిరి. మేము మాత్రము, ఇది కొండనీడనుండి తెచ్చి వేరొకచోట కట్టినది గాన, పాతచోట స్వరమెట్లుండెనో దీనినిబట్టి చెప్పరాదని వారి సంతోషమును కొంత తగ్గించితిమి. ఉపాధ్యాయుల దుర్గుణ మిది.

తిరుగుప్రయాణమున బస్సులో వాదము పుట్టెను. కట్ట కట్టకుండ నుండవలసినదని కొందరు, కట్టవలసినదేయని కొందరు. ఎడమకాలువ నల్గొండ, ఖమ్మము సీమలకు, కుడికాలువ గుంటూరు సీమకు నీరిచ్చుచున్నది. అన్నము పెట్టు నీటికంటె రాళ్లు గొప్పవా యని ఒకడనెను. రాళ్లుపోయిన మరల రావు, నీటికి వేరు త్రోవ చూడవచ్చునని మరియొకడనెను. ఇరువురిలో నెవరిదియు తప్పని మేము చెప్పలేక యుంటిమి. అంతవరకు మౌనముగానున్న బాలు డొకడు, "మా తాత ఊరు గూడ నీళ్లల్లనే ఉన్నది సార్" అనెను.

ఆ మాటతో వాదము నిలిచిపోయెను. మన ఆర్మూరు సీమకు దగ్గరనే, పోచంపాడు వద్ద గోదావరికి కట్టిన శ్రీరామసాగరము సంగతి వాడు చెప్పినది. దానికిని 1963 జులై 26వ తేదీన నెహ్రూగారే పునాది వేసిరి. దాని నీటితో ఎన్నియో చేలు పచ్చనైనవి. దాని నీటిక్రింద ఊళ్లును పోయినవి. ఆ యూళ్లవారు కట్టకివతల ఇండ్లు వేసికొనిరి. వారి మనుమలు మన బల్లలమీద కూర్చున్నారు. విజయపురి మునుగుటకు ముందు ఆరేండ్లు పండితులు కొలతపట్టీలతో తిరిగిరి. ఆ బాలుని తాతగారి యూరికి కొలతపట్టీ తీసికొని యెవరు పోయిరి? అచ్చట శాసనములు లేవు, స్తూపములు లేవు. బావులు, రచ్చకట్ట, కుమ్మరివారి ఆవము, చాకిరేవు మాత్రమే యుండెను. చరిత్రపాఠము చెప్పుచు ఇన్ని సంవత్సరములు గడపిన మాకు ఇదివరకు ఆ ప్రశ్న తట్టలేదు.

సెలవుల పిదప పై తరగతివారు నలుగురు, ఆ బాలుని ముందుంచుకొని, పెద్దల యొద్దకు పోయి ఆ యూరి పటమును గీయ మొదలిడిరి. ఉపాయము తేలికయే. మొదట ఒక పెద్దదిక్కును మంచముమీద కూర్చుండబెట్టి, తన యింటి వాకిట నిలుచున్నట్లు తలచుకొమ్మనుట. కుడిచేతివైపు ఎవరిల్లు, ఎడమచేతివైపు ఎవరిల్లు అని యడుగుట. పిమ్మట బావికి ఎన్ని యడుగులు, బావినుండి గుడికి ఎన్ని యడుగులు అని వ్రాసికొనుట. మరునాడు మరియొకరిని వేరుగా నడిగి రెంటిని సరిపోల్చుట. ఒకరు చెప్పునది వినుచు మరియొకరు కూర్చుండరాదని మేము గట్టిగా చెప్పితిమి. ఏలయన రెండవవారు మొదటివారి మాటనే చెప్పుదురు. స్త్రీల నడిగినప్పుడు బావులు, రోళ్లు, పొరుగిండ్లు తేలినవి. పురుషుల నడిగినప్పుడు పొలముల గట్లు, బండ్లబాటలు తేలినవి. తొంబదియేండ్లని చెప్పుకొను అవ్వ యొకతె, పసుపు నుడికించు పొయ్యిలు ఎన్ని యుండెనో, ఏ పొయ్యి యెవరిదో వ్రేళ్లమీద లెక్కించి చెప్పి, చివరకు "గివి ఎందుకు బిడ్డా?" అని యడిగినదట. పిల్లలు జవాబు చెప్పలేకపోయిరి.

పటము ఇప్పుడు తొమ్మిదవ తరగతి గోడమీద నున్నది. నలువదియొక్క యిండ్లు, మూడు బావులు, ఒక గుడి, ఒక మసీదు, ఒక రచ్చకట్ట గుర్తింపబడినవి. అవుసలివారి యిల్లు మాత్రము గుర్తింపబడలేదు. అది గుడికి తూర్పుననుండెనని ఒక పెద్దాయన, పడమటనుండెనని మరియొక పెద్దాయన నొక్కి చెప్పుచున్నారు. ఇద్దరును తమ పెండ్లి నగలు అచ్చటనే చేయించుకొన్నవారు. కాబట్టి పటమున రెండుచోట్లను పెన్సిలుతో చిన్న చుక్కలు పెట్టి, సిరా పోయక యుంచితిమి.